ఏడో పళ్ళెం

సెప్టెంబర్ 27, శుక్రవారం

నేను పనిచేసే ఇంటి పిల్ల నూరాకి స్కూల్లో ఇచ్చిన డైరీ ఇది. ఆ పిల్ల నాలుగు పేజీల నిండా పిల్లి బొమ్మలు గీసి చెత్తబుట్టలో పడేసింది. తీసి నా పరుపు కింద పెట్టుకున్నాను. పదో తరగతి దాకా చదివినదాన్ని, ఈ కువైట్‌కొచ్చిన నాలుగేళ్ళలో తెలుగులో ఒక్క ముక్క రాసింది లేదు. రాత మరిచిపోకూడదని మొదలుపెడుతున్నాను, అంతే. పోట్లాడటానికి మనిషి దొరక్క రాయడం మాత్రం కాదు.

శుక్రవారం ఇంటికి ఫోన్ చేసే రోజు. ఆయన ఎత్తలేదు. మా మరిది సత్యం ఎత్తాడు.

"ఆయ్, అందరం బాగానే ఉన్నాం వదినా. అన్నయ్యా... నీతో మాటాడనంటన్నాడు."

"ఏం, ఎందుకంట?"

"మొన్న శుక్రవారం మీరిద్దరూ మాటా మాటా అనుకున్నారంట గదా. అమ్మాయి భవాని సెప్పింది. ఓ నాల్రోజులు పోనీ వదినా, ఆడే సల్లబడతాడు."

సరే, పోనీ. కోపం ఆయనగారికేనా, నాకు లేదా? డిసెంబర్ ఇరవైకి నా కాంట్రాక్టు అయిపోతుంది. ఇంకో రెండేళ్ళు ఉండమని ఈ ఇంటావిడ మామా అడిగింది, ఉంటానన్నాను. ఆ సంగతి చెబితే మొదలుపెట్టాడు. "నేనింక చెట్టెక్కలేను బేబీ, పైకెళ్తే కళ్ళు తిరుగుతున్నాయి, నువ్వొచ్చేస్తే అంబాజీపేట సెంటర్లో టిఫిను బండి పెట్టుకుందాం" అని. ఇరవై అయిదేళ్ళ నుంచి కొబ్బరి దింపు తీస్తున్న మనిషి, నేను రెండేళ్ళు అనగానే కళ్ళు తిరిగాయట. ఒళ్ళు మండి ఒక మాట అన్నాను. మొగుణ్ణి మాట అనని ఆడది ఏ ఊళ్ళో ఉంది?

సెప్టెంబర్ 30, సోమవారం

ఆయన చేయలేదు. నేనూ చేయలేదు.

అక్టోబర్ 4, శుక్రవారం

ఇవాళ పెద్దల అమావాస్య. మా అమ్మానాన్నలకీ, మామగారికీ గారెలు, పరమాన్నం చేసి విస్తరాకు బదులు కొత్త పళ్ళెంలో పెట్టి డాబా మీదికి తీసుకెళ్ళాను. మేముండే ఈ రుమైథియాలో నాకు కాకి కనపడి నాలుగేళ్ళయింది. ఎదురుచూడగా చూడగా రెండు పావురాలు వచ్చి గారెను పొడిచాయి. పావురాలే మీరనుకుంటాను అని దండం పెట్టుకున్నాను. వెనక్కి తిరిగితే మామా నిలబడి ఉంది.

మామాది మెక్సికో. అసలు పేరు రోసియో. ఇంటాయన బాబా అమెరికాలో చదువుకునేటప్పుడు ఆమెను పెళ్ళి చేసుకుని ఇక్కడికి తెచ్చుకున్నారు. అరబ్బీ నాకంటే బాగా మాట్లాడుతుంది, కానీ తిట్టాల్సి వస్తే మాత్రం వాళ్ళ భాషే. ఇది ఎవరికి, ఎందుకు అని అడిగింది. వచ్చిన అరబ్బీలో చెప్పాను, చనిపోయినవాళ్ళకి ఏడాదికోసారి ఇష్టమైనవి వండి పెడతామని. మామా ఆ పళ్ళెం వైపే చాలాసేపు చూసింది.

"మాకూ ఉంది బేబీ. నవంబర్ ఒకటి, రెండు. చనిపోయినవాళ్ళు ఇంటికి భోజనానికి వస్తారు" అంది.

నాకు తెలిసిన పండగ అది కాదు. నేనొచ్చిన దగ్గర్నుంచీ ఆ రోజుల్లో మామా ముఖానికి పుర్రెలా రంగు వేసుకుని, వాళ్ళ దేశపు ఆడవాళ్ళతో హోటల్లో పార్టీకి వెళ్ళి నవ్వుకుంటూ వచ్చేది. అదే అన్నాను.

"అది వేషం. మా అమ్మమ్మ ఏనాడూ ముఖానికి రంగు పూసుకోలేదు. ఈ ఏడు మా అమ్మమ్మ చేసినట్టు చేస్తాను" అంది మామా. వాళ్ళమ్మ ఏప్రిల్‌లో పోయింది. అప్పటినుంచీ ఆ మనిషి సగమైంది.

ఇంటికి ఫోన్ చేశాను. మళ్ళీ సత్యమే. పెద్దలకి పెట్టారా అంటే ఈ ఏడు పెట్టలేదన్నాడు.

"ఏం, ఎందుకు పెట్టలేదు?"

"రాష్ట్రం ఇడగొట్టొద్దని సమ్మె గదా వదినా. బస్సుల్లేవు, ఏమీ లేవు."

"మినప్పప్పు నానబెట్టడానికి బస్సెందుకురా?"

"కుదర్లేదు వదినా" అన్నాడు, గొంతు ఎటో పోయింది. సిగ్గుపడి ఉంటాడు. పడాలి మరి. మా మామగారు బతికుండగా ఈ అమావాస్యకి గారెలు లేని ఏడు లేదు. నేను లేకపోతే ఆ ఇంట్లో మగాళ్ళు దేవుణ్ణీ పెద్దల్నీ కూడా వదిలేసేలా ఉన్నారు.

అక్టోబర్ 5, శనివారం

డ్రైవర్ గౌస్ భాయ్ అడగకుండానే నాకు కమలాపళ్ళు తెచ్చి కిచెన్ గట్టు మీద పెట్టి వెళ్ళాడు. రాయచోటి మనిషి, పైసా విడవడు. ఏమొచ్చిందో.

అక్టోబర్ 11, శుక్రవారం

ఈ వారం ఊళ్ళో కరెంటు వాళ్ళు కూడా సమ్మె చేశారట. ఫోన్లకి ఛార్జింగ్ లేదట. సత్యం చెప్పాడు. "అన్నయ్య ఫోను మొత్తానికే సచ్చింది వదినా" అన్నాడు. కోపానికి కరెంటు సమ్మె కూడా తోడైంది.

భవానిని ఇమ్మన్నాను. నా కూతురు తొమ్మిదో తరగతి, నాకంటే తెలివైనది, మాట తూచి మాట్లాడుతుంది.

"నాన్న ఏరే?"

"ఇక్కడ లేరమ్మా."

"నా మీద ఇంకా అలిగే ఉన్నారా?"

"నాకేం సెప్పలేదమ్మా."

పిల్ల గొంతు బొంగురుపోయి ఉంది. జలుబు చేసినట్టుంది. మిరియాల పాలు తాగమన్నాను.

ఆయన పంతం నాకు తెలుసు. పెళ్ళైన కొత్తలో నేను పుట్టింటికి చెప్పకుండా వెళ్ళానని పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజు చింతాకు అంత చిన్న చేపలు తెచ్చి గుమ్మంలో పెట్టి, "ఇయ్యి వండుతావా, నన్నే వండుకోమంటావా" అన్నాడు. ఇప్పుడు మూడు వారాలు. వయసు పెరిగిన కొద్దీ పంతం పెరిగినట్టుంది.

అక్టోబర్ 13, ఆదివారం

దసరా. భవానికి చిలకాకుపచ్చ గాగ్రా పంపాను, మా ఊరి ఆవిడ సూరాయమ్మ వెళ్తుంటే ఇచ్చి. ఆదివారమైనా మామా చేసుకోమంటే ఫోన్ చేశాను.

"వేసుకున్నావా?"

"దాచుకున్నానమ్మా."

"పండక్కి వేసుకోక దాచుకోవడమేంటే? పిండివంటలేం చేశారు?"

"ఏం సెయ్యలేదమ్మా."

ఈయనగారు అలిగితే అలిగాడు, పిల్ల పండగ కూడా మాన్పించాడు. ఇది మాత్రం నేను మరిచిపోను. ఎదురుపడ్డాక అడుగుతాను.

పెద్దలకి పెట్టలేదు, పండగ చేయలేదు. అన్నీ సమ్మె వల్లే.

అక్టోబర్ 18, శుక్రవారం

మామా పండగ పనులు మొదలుపెట్టింది. కిచెన్ వెనక స్టోర్ రూము ఖాళీ చేయించింది. బాబా ఒప్పుకున్నారు గానీ, మామా అత్తగారు వచ్చినప్పుడు ఆ గది తలుపు మూసి ఉంచమన్నారు. గోడకి బల్ల వేసి, దాని మీద చిన్న పెట్టె, పెట్టె మీద ఇంకో పెట్టె పెట్టి తెల్ల దుప్పటి పరిచాం. అచ్చం మన బొమ్మల కొలువు మెట్లలాగే ఉంది. ఫోటోలు ఆరు. మామా వాళ్ళమ్మ, అమ్మమ్మ, తాత, ఇద్దరు మేనమామలు, ఏడేళ్ళప్పుడు జ్వరంతో పోయిన చెల్లెలు. ఒక్కొక్కరికీ ఏం ఇష్టమో కాగితం మీద రాసుకుంది. తాతకి చెట్టు పాల నుంచి తీసే కల్లు లాంటిదేదో ఇష్టమట, అది ఈ దేశంలో కుదరదు కాబట్టి ఖాళీ గ్లాసు పెడుతుందట.

నాకు నవ్వొచ్చి, మా ఆయనకీ కల్లంటే ప్రాణమే అన్నాను.

మామా కలం ఆపింది. "మీ ఆయనకి తినడానికి ఏమిష్టం?" అంది.

అడగడం ఆలస్యం, చెప్పుకుంటూ పోయాను. వంకాయ రొయ్యపొట్టు. నల్ల వంకాయలు కాదు, తెల్ల చారల లేత వంకాయలు. పులుసు ఎక్కువ ఉండకూడదు, అలాగని ముద్దగానూ ఉండకూడదు. అన్నం మధ్యలో గుంట చేసి అందులో పోసుకుంటాడు, పక్కనుంచి అన్నం కూలగొట్టుకుంటూ తింటాడు, పొలం గట్టు తెగినట్టు. పచ్చిమిరపకాయ కొరుక్కుంటాడు. తిన్నాక బాగుందని చచ్చినా చెప్పడు, పళ్ళెం మాత్రం నాకేస్తాడు. అరబ్బీలో మాటలు చాలక చేతులతో చేసి చూపించాను.

మామా అదీ కాగితం మీద రాసుకుంది. "నవంబర్ రెండున అది వండు బేబీ" అంది. ఉల్లిపాయలు తరుగుతున్నది నేను, కళ్ళు తుడుచుకున్నది మామా. మనసు మెత్తన మనిషి. వాళ్ళమ్మ గుర్తొచ్చి ఉంటుంది.

ఇంటికి చేస్తే సత్యం ఎత్తి, "ఇంకా తగ్గలేదు వదినా" అన్నాడు. ఈసారి నేనూ గట్టిగానే అన్నాను, తగ్గకపోతే నీ అన్నయ్యని అలాగే ఉండమను అని.

అక్టోబర్ 22, మంగళవారం

కారు కడుగుతున్న గౌస్ భాయ్ దగ్గరికి వెళ్ళాను. ఏదైనా అవసరమొస్తే చేయమని మా ఇంట్లో వాళ్ళకి ఇతని నంబరే ఇచ్చాను.

"గౌస్ భాయ్, మా ఇంటి నుంచి నీకేమైనా ఫోనొచ్చిందా?"

"నాకెందుకు వచ్చాదక్కా? రాలే" అన్నాడు, అద్దం మీదే చూస్తూ. "ఏం, ఏమైంది?"

"ఏం లేదు, ఊరికే."

"యల్లా, మామాను అల్ రాయ్ బజారుకు తీసుకపోవల్ల, టైమైతాంది" అని బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ అద్దం అప్పటికి మూడుసార్లు తుడిచాడు.

ఎందుకు అడిగానో నాకే తెలియదు. రాలేదన్నాడు కదా. రాలేదు.

అక్టోబర్ 25, శుక్రవారం

మంచి రోజు. రాసుకోవాలి.

భవాని ఎత్తింది. వెనకాల ఎవరూ లేనట్టున్నారు.

"నాన్న చెట్లెక్కుతున్నారా తల్లీ?"

"ఎక్కట్లేదమ్మా" అంది.

నిజం చెప్పాలంటే నా గుండెల మీంచి బండ దించినట్టయింది. నేనన్న మాట నెల రోజులుగా నన్ను పడుకోనివ్వలేదు. నేనన్నానని రోషానికి పోయి ఎత్తు చెట్లెక్కుతాడేమోనని లోపల్లోపల ఒకటే భయం. ఎక్కట్లేదట. ఇంట్లోనే ఉండి మూతి ముడుచుకుని కూర్చున్నాడన్నమాట. కూర్చోనీ. నేనే తగ్గుతాను. ఇద్దరిలో ఒకరు తగ్గాలి.

"భవానీ, నాన్నకి చెప్పు. రెండేళ్ళు ఉండను, డిసెంబర్‌కే వచ్చేస్తానని చెప్పు. టిఫిను బండికి సరేనన్నానని చెప్పు. చెప్తావా?"

లైను కట్టయిందేమో అనుకున్నాను.

"వింటున్నావే?"

"ఇంటన్నానమ్మా" అంది.

మామాతో కూడా చెప్పేశాను, డిసెంబర్‌కి ఖలాస్, వెళ్ళిపోతానని. కోప్పడుతుందనుకుంటే నన్ను గట్టిగా కావలించుకుంది. ఎంతకీ వదల్లేదు. మూడు వేల దినార్ల సోఫా మరకైతే నవ్వే మనిషికి ఒక వంటమనిషి పోతుందంటే ఇంత బాధా అనిపించింది.

ఇంక ఆయనే ఫోన్ చేస్తాడు. ఇవాళ కాకపోతే రేపు.

అక్టోబర్ 28, సోమవారం

చేయలేదు.

అక్టోబర్ 30, బుధవారం

గౌస్ భాయ్ ఖైతాన్ బజారు నుంచి రెండు పెద్ద సంచుల బంతిపూలు తెచ్చాడు. దండలు గుచ్చాల్సిందే అనుకుని సూదీ దారం పట్టుకుని కూర్చున్నాను. సాయంత్రానికి ఆరు దండలు అయ్యాయి. ఫోటోలకి వేసి మామాను పిలిచాను. మామా చూసి తల పట్టుకుంది.

"దండలు కాదు బేబీ. రేకులు తుంచాలి. గుమ్మం దగ్గర నుంచి బల్ల దాకా బాట పోయాలి. వాళ్ళు ఆ రంగూ వాసనా పట్టుకుని దారి వెతుక్కుంటూ వస్తారు."

"మా దగ్గర ఫోటోకి దండ పడిందంటే పోయారని అర్థం మామా. దండ లేకపోతే చూసేవాళ్ళు బతికున్నారనుకుంటారు."

"మా దగ్గర ఈ రెండు రోజులూ బతికున్నట్టే" అంది.

కష్టపడి గుచ్చిన దండలన్నీ మళ్ళీ తుంచాను. తర్వాత కోడికూర పని. అదొక యజ్ఞం. ఎండుమిరపకాయలు నాలుగు రకాలు, నువ్వులు, వేరుశెనగలు, లవంగాలు, ఎండుద్రాక్ష, చివర్లో చాక్లెట్. కోడికూరలో చాక్లెట్ ఏమిటి నా తల అనుకున్నాను గానీ, నాలిక మీద వేసుకుంటే పర్వాలేదు. మిక్సీ వాడనివ్వలేదు. అమ్మమ్మ రాతి మీదే నూరేదట. చేతులు మండి కళ్ళు మండి ఇద్దరం ముక్కులు చీదుకుంటూ నూరాం. రొట్టెల మీద ఎముకల ఆకారంలో పిండి ముక్కలు పెట్టింది. ధూపానికి వాళ్ళ ఊరి బంక దొరక్క బాధపడుతుంటే, ఇక్కడి వాళ్ళు వేసే లుబాన్ వెలిగించి ఇచ్చాను. కళ్ళు మూసుకుని, దగ్గరగానే ఉంది అంది. మన సాంబ్రాణికీ దగ్గరగానే ఉంటుంది.

నవంబర్ 1, శుక్రవారం

ఇవాళ చిన్నపిల్లల రోజు. మామా చెల్లెలికి పాలు, పంచదార బొమ్మ పెట్టాం. నూరా తన బొమ్మల్లో ఒకటి తెచ్చి, ఆడుకోవడానికి అని పక్కన పెట్టింది.

నేను ఇంటికి ఫోన్ చేయలేదు. చేయకూడదనుకున్నాను. ఆయనే చేయాలి. నేను తగ్గి వారమైంది.

మధ్యాహ్నం మామా నన్ను ఆ గదిలో కూర్చోబెట్టుకుంది. వాళ్ళమ్మ పోయిన సంగతి ఆమెకి మూడు రోజుల తర్వాత చెప్పారట. దూరంలో ఉంది, ఎలాగూ అందుకోలేదు, తొందరపడి చెప్పడమెందుకని అన్నదమ్ములు అనుకున్నారట.

"ఆ మూడు రోజులూ నేను నవ్వుతూ తిరిగాను బేబీ. ఒక పెళ్ళికెళ్ళి డాన్సు చేశాను. ఆ ఫోటోలు నా ఫోన్లో ఇంకా ఉన్నాయి. వాళ్ళని నేను క్షమించలేదు."

మంచికే చేసి ఉంటారు మామా అన్నాను.

మామా నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు ఏదో చెప్పబోయింది. చివరికి వాళ్ళ అమ్మమ్మ సంగతి చెప్పింది. తాత పోయాక ఏటా ఈ రోజున ఆయన ఫోటో ముందు కూర్చుని ఆమె ఒకటే తిట్టేదట. కప్పు కారిన సంగతి, అప్పు ఎగ్గొట్టిన తమ్ముడి సంగతి, పోయిన మేక సంగతి, అన్నీ ఆయనదే తప్పన్నట్టు. ఆ ఒక్కరోజూ చచ్చిపోయినవాళ్ళు వింటారు, అనాల్సినవి అనేయాలి అనేదట.

విని నవ్వాను. మామా నవ్వలేదు. నాకెందుకో అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. పొయ్యి మీద ఏదో ఉందని లేచి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

నవంబర్ 2, శనివారం

రాస్తాను. రాయకపోతే రేపటికి ఇది జరగలేదని నాకు నేనే చెప్పుకుంటాను.

పొద్దున్నే వంకాయ రొయ్యపొట్టు వండాను. గౌస్ భాయ్ వెతికి వెతికి చారల వంకాయలే తెచ్చాడు. నా చేత్తో తరిగాను, ఉప్పునీళ్ళలో వేశాను, రొయ్యపొట్టు దోరగా వేయించి చెరిగాను. పాట కూడా పాడుకున్నాను. కుదిరింది. ఆయన ఉంటే పళ్ళెం నాకేవాడు అనుకున్నాను.

నాలుగు గంటలకి మామా ఒక్కతే పళ్ళేలు సర్దింది. పిలిచేదాకా రావద్దంది. పిలిచాక రేకుల పక్కనుంచి నడిచి వెళ్ళాను. కొవ్వొత్తులు, సాంబ్రాణి పొగ, ఉప్పు గిన్నె, నీళ్ళ గ్లాసులు. ఆరు ఫోటోలు. వంటమనిషిని కదా, నా కళ్ళు పళ్ళేల మీదికే పోయాయి. ఏడున్నాయి.

ఏడో పళ్ళెంలో అన్నం. మధ్యలో గుంట. గుంటలో వంకాయ రొయ్యపొట్టు. పక్కన పచ్చిమిరపకాయ, ఖాళీ గ్లాసు. ఫోటో లేదు. ఫోటో ఉండాల్సిన చోట అట్టముక్క మీద ఇంగ్లీషు అక్షరాల్లో బుజ్జిబాబు అని రాసి ఉంది.

"మామా, పొరబాటు చేశారు. బతికున్నవాళ్ళకి ఇలా పెట్టకూడదు. ఆయనకి నా మీద కోపం, అంతే" అన్నాను.

ఆ పళ్ళెం తీసేయబోయాను. మామా నా మణికట్టు పట్టుకుంది. గుమ్మంలో గౌస్ భాయ్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అది చూశాక కూడా అన్నాను, "కోపం మామా, కోపం" అని. అరబ్బీలో ఆ మాట సరిగా రావడం లేదేమోనని మళ్ళీ మళ్ళీ అన్నాను.

"అక్కా" అన్నాడు గౌస్ భాయ్. "సెప్టెంబర్ ఇరవై మూడు, సోమారం. దింపుకని పోయినాడంట. కొబ్బరిచెట్టు పైనుంచి పడినాడు. ఆస్పత్రికి తీసుకపోతాంటే దావలోనే... మీ మరిది నాకు ఫోన్ చేసినాడక్కా. ఇప్పుడు చెప్పినా నువ్వు చూసేదానికి లేదు, డిసెంబర్‌లో కాంట్రాక్టు అయిపోతే ఎట్లాగూ వస్తావు, అప్పుడు ఇంట్లో వాళ్ళ మధ్యన చెప్తాము, అంతవరకు నోరు ఇప్పొద్దు అన్నాడు. మన దిక్కు అట్లనే చేస్తారు గదాని నేనూ ఊకున్న్యా. మామాకు మాత్రం చెప్పినా. తప్పైంటే మన్నించక్కా."

పళ్ళెం ఎత్తి గోడకేసి కొడదామనుకున్నాను. అన్నం కదా, చెయ్యి రాలేదు. మామా మీద అరిచాను. నా చేత్తో నా మొగుడికి పిండాకూడు వండించావా అని తెలుగులోనే అరిచాను. ఏం అర్థమైందో, నా కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. "చెబుదామనే నిన్న కూర్చోబెట్టాను. నోరు రాలేదు. అందరికీ పెట్టి ఆయన్ని ఒక్కణ్ణి పస్తు పంపలేకపోయాను" అంది.

నలభై రోజులు. నలభై రోజులు నేను లేని మనిషి మీద అలిగి కూర్చున్నాను. ఎదురుపడ్డాక అడుగుతానని రాసుకున్నాను.

ఇరవయ్యో తేదీ శుక్రవారం నేనన్న మాట ఇది. ఇంతవరకు రాయలేదు. "మగాడివై పుట్టి చెట్టెక్కడానికి భయమైతే చీర కట్టుకుని మూల కూర్చో. నా సంపాదన తింటూ కూర్చో." ఆయన తిరిగి ఏమీ అనలేదు. ఫోను పెట్టేశాడు. శని, ఆదివారాలు పోయాక సోమవారం ఎక్కాడు.

నాకు తెలుసా ఇదంతా? పెద్దలకి పెట్టలేదు అన్నప్పుడే తెలిసి ఉండాలి. ఇంట్లో మనిషి పోతేనే కదా ఆ ఏడు పండగలు మానేసేది. పసిపిల్లకి కూడా తెలుస్తుంది. సమ్మె అన్నారు, నమ్మాను. నమ్మితే ఆయన కోపంగా ఉంటాడు. కోపంగా ఉంటే మనిషి ఉంటాడు కదా.

సాయంత్రం మామా నన్ను ఆ పళ్ళెం ముందు వదిలి తలుపు దగ్గరికి వేసింది. మా అమ్మమ్మలాగా తిట్టేయి, మనసు తేలికవుతుంది అంది. గంటసేపు కూర్చున్నాను, ఒక్క మాట రాలేదు. తిట్టాల్సింది నేను కాదు, ఆయన.

నవంబర్ 3, ఆదివారం

దీపావళి. ఎదురింటి డాబా మీద కేరళ వాళ్ళు ప్రమిదలు పెట్టారు.

బాబా పొద్దున్నే వెళ్ళి కాగితాలన్నీ సరిచేసి టికెట్ తెచ్చారు. రేపు పదిన్నరకి హైదరాబాద్ విమానం. అక్కడి నుంచి రావులపాలెం బస్సు. సత్యం వస్తానన్నాడు. ఫోన్లో ఏడ్చాడు, "నీకోసమే వదినా, నువ్వక్కడ ఒంటరిదానివని" అన్నాడు. వాణ్ణి ఏమీ అనలేదు. ఆరు వారాలు వాడూ మోశాడు.

తర్వాత భవానిని ఇమ్మన్నాను. అందరికీ దూరంగా, పెరట్లోకి వెళ్ళి మాట్లాడమన్నాను.

"నాకు తెలిసిందే తల్లీ."

"బాబాయి సెప్పాడమ్మా" అంది. కాసేపు ఇద్దరం ఏడ్చాం. తర్వాత, "ఇంక నేను సూసి సూసి మాటాడక్కర్లేదు గదమ్మా?" అంది. అక్కర్లేదమ్మా అన్నాను. లేరు, చెప్పలేదు, ఎక్కట్లేదు. నాతో అది ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆడకుండానే నలభై రోజులు లాక్కొచ్చింది, పద్నాలుగేళ్ళ పిల్ల.

అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఆ శుక్రవారం నేనొక మాట అన్నాను. నాన్న ఆ మాట ఎవరితోనైనా అన్నారా?"

"నాన్న ఎవరికీ సెప్పలేదమ్మా."

ఊపిరి పీల్చుకున్నాను. పీల్చుకున్నందుకు సిగ్గేసింది. అప్పుడు పిల్ల మళ్ళీ మాట్లాడింది, మెల్లగా.

"ఫోను స్పీకర్లో ఉందమ్మా. నేను జడేసుకుంటన్నాను. నేనూ ఇన్నాను."

ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"బాబాయికి సెప్పలేదు. ఎవ్వరికీ సెప్పలేదు. సెప్పను కూడా."

"భవానీ, నా మీద కోపంగా ఉందా?"

పక్కింటి పిల్లలు కాల్చే టపాకాయలు వినిపిస్తున్నాయి ఫోన్లో.

"నువ్వు రామ్మా. వచ్చాక సెప్తాను" అంది.

సరేనన్నాను. గౌస్ భాయ్ రేపు ఏడింటికి కారు సిద్ధంగా ఉంచుతానన్నాడు. ఇంకా సంచి సర్దుకోలేదు.